పెదవుల దగ్గర

ఏ బొమ్మ అడిగితే ఆ బొమ్మను ఇంటి గోడే గీసిపెట్టే రోజులు వచ్చాక, సముద్రం ఒడ్డున ఉన్న కళా విశ్వవిద్యాలయంలో విభాగాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ముందు శిల్పం, తర్వాత రంగుల చిత్రాలు పోయాయి. చివరికి పెన్సిలు పట్టడం నేర్పే కాత్యాయని క్లాసు మిగిలింది. అందులో సుజన ఒక్కతే విద్యార్థిని.

చేరిన రోజే ఆ అమ్మాయి చెప్పింది. "మా అమ్మ పోయింది మేడం. నాన్న గోడకి చెప్పి అమ్మ బొమ్మ వేయించారు. అందులో ఎప్పుడూ పళ్లు కనబడేలా నవ్వుతూనే ఉంటుంది. మా అమ్మ అలా నవ్వేది కాదు. నేనే గియ్యాలి."

రెండేళ్లు ఇద్దరూ కష్టపడ్డారు. సుజన చేయి కుదిరింది. అంతలో ఈ క్లాసు కూడా ఎత్తేస్తున్నామని పైనుంచి కబురొచ్చింది.

ఆఖరి రోజు సుజన అమ్మ ముఖం మొదలుపెట్టింది. నుదురు, కళ్లు, బుగ్గ మీద మచ్చ అన్నీ చక్కగా వచ్చాయి. పెదవుల దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అంది కాత్యాయని.

"గుర్తు రావట్లేదు మేడం. కళ్లు మూసుకుంటే గోడమీది నవ్వే కనబడుతోంది."

ఎందరి బొమ్మలనో దిద్దిన కాత్యాయని ఈ బొమ్మ మీద చెయ్యి వెయ్యలేకపోయింది. సుజన ఏడుస్తూనే మళ్లీ కళ్లు మూసుకుంది. తాళం వెయ్యడానికి మనిషి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

కాత్యాయని లేచి వెళ్లి లోపలినుంచి గడియ పెట్టింది.