వసారాకి పొయ్యి

చుస్త్ ఊరి బజార్లో రేకు పొయ్యిలమ్ముకునే నా ప్రాణం గంటసేపు తోడేశాడు సాబిర్‌జాన్ అన్న. గ్యాసుది ఖరీదన్నాడు. కరెంటు ఉంటే కదా అన్నాడు. చివరికి పత్తికట్టెతో మండే చవక పొయ్యి దగ్గర ఆగాడు.

"మా వసారాలో నలభై మందికి వెచ్చగా ఉంటుందంట్రా?"

"నలభై మందా! వదిన ఆ వసారాలోనే టోపీలు కుడుతూ, వేళ్ళు కొంకర్లు పోతున్నాయని మూడు చలికాలాలు మొత్తుకుంటే కొనలేదు. ఇప్పుడేంటన్నా, రెండో పెళ్ళా?" అని ఏడిపించాను.

అన్న నవ్వలేదు. పొయ్యి భుజానికెత్తుకున్నాడు.

"మీ వదిన శుక్రవారం దాటదన్నాడ్రా డాక్టరు. పరామర్శకొచ్చే మగాళ్ళంతా వసారాలోనే కదా కూర్చునేది? చలికి వణికితే నన్ను పిసినారి అనుకోరూ?"