వెనక వచ్చే సైకిల్

నాగవేణి మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది. ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు, నెత్తిన హెల్మెట్, ఒంటికి అతుక్కుపోయిన పసుపుపచ్చ బనియను. రెండు బారల దూరంలో ఆమెనే కనిపెట్టుకుని వస్తున్నాడు.

ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో చున్నీని మెడచుట్టూ బిగించుకుంది. చున్నీ కింద వాళ్ళమ్మ ఇచ్చిపోయిన రెండుపేటల గొలుసు ఉంది.

చిత్తూరు నుంచి కాణిపాకం దారిలో రోజూ సైకిల్ తొక్కమని ఆమెకు ఏ డాక్టరూ చెప్పలేదు. డాక్టరు చెప్పింది నడవమని. సైకిల్ ఆమె సొంత సరదా. నలభై దాటాక ఇదేం పిచ్చి అన్న భర్త హరినాథ్‌ను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "ఏదన్నా తేడా వచ్చిందో, సైకిల్ అటకెక్కుతుంది సూడు" అని మొదటిరోజే చెప్పేశాడాయన. పోయిన నెల పక్కింటి శకుంతలమ్మ మెడలో గొలుసు ఎవరో తెంపుకుపోతే, పరామర్శకు వెళ్ళొచ్చి సైకిల్ వైపు అదోలా చూశాడు. అందుకే ఈ నల్లద్దాలవాడి సంగతి ఆమె ఇంట్లో ఎత్తలేదు. ఎత్తితే దొంగ దొరుకుతాడో లేదోగాని సైకిల్ మాత్రం దొరకదు.

పోనీ వాడు దారంతా వస్తాడా అంటే, అదీ కాదు. వంక మీది వంతెన దగ్గర కలుస్తాడు. అక్కడినుంచి మామిడిగుజ్జు ఫ్యాక్టరీ దాకా రోడ్డు ఇరుకు. అటూ ఇటూ కంపచెట్లు. మనుషులు తక్కువ, తోతాపురి కాయల లారీలు ఎక్కువ. ఆ ముక్క రోడ్డే వాడికి కావాలి. ఫ్యాక్టరీ గేటు రాగానే చెయ్యి పైకెత్తి, ఆమెను దాటుకుని, మళ్ళీ కంటికి ఆనకుండా పోతాడు. ఆ ఎత్తిన చెయ్యి ఎవరికి సైగో ఆమెకు అంతుపట్టలేదు.

గంట కొట్టి చూసింది. "ముందు పో అప్పా" అని కేకేసింది. ఉలుకూ పలుకూ లేదు. పొమ్మని చెయ్యి ఊపితే తల అడ్డంగా ఊపి నవ్వాడు. ఆమె మట్టిలోకి దిగితే వాడూ దిగుతాడు, రోడ్డెక్కితే వాడూ ఎక్కుతాడు. నీడైనా మిట్టమధ్యాహ్నం కాస్త విడిచిపెడుతుంది.

ఆ సాయంత్రం సైకిల్ షాపు బాలచంద్ర దగ్గర సంగతి బయటపెట్టింది. ఊళ్ళో ఆదివారాలు గుంపుగా సైకిళ్ళు తొక్కేవాళ్ళకు అతనే పెద్ద.

"పసుపు బనియనా? వాడు రేసులోడక్కా. పోటీల్లో కప్పులు కొట్టినాడంట. మావోళ్ళు ఎవురు పలకరించినా పలకడు. పొగరు."

"రేసులోడికి నా ఎనకాల ఏం పనప్పా?"

"గాలి తప్పించుకునేదానికి ముందోళ్ళ ఎనక అంటుకోని వస్తారు. అడిగి రావాల, అదీ మర్యాద. అయినా నీ స్పీడుకు యాడి గాలక్కా?"

"నవ్వొద్దు. వాడి సూపంతా నా మీదే ఉండాది."

బాలచంద్ర నవ్వు ఆపాడు. "నీదీ ఒక తప్పుండాది. హారన్ ఇనపడితే సాలు, సైకిల్ మట్టిలోకి దించేస్తావు. బెదిరేవాళ్ళంటే ఎవుడికైనా లోకువే. రేపు దిగొద్దు. లారీవోడే సుట్టుకోని పోతాడు. నీకు బయం లేదని తెలిస్తే వాడూ నీ జోలికి రాడు."

మాట నిజమే. సైకిల్ నేర్పిననాడే నాయన ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు, హారన్ వింటే మట్టిలోకి దిగాలని. ఆ రోడ్డు మీద అలా దిగేది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు లారీనే దిగమన్నట్టు పోతారు.

మర్నాడు వంతెన దగ్గర పసుపు బనియను కలిసింది. కంపచెట్ల మధ్యకు వచ్చాక వెనక నుంచి హారన్ మోగింది. నాగవేణి కాళ్ళు మట్టి వైపు లాగాయి. పళ్ళు బిగబట్టి, నాయనను మనసులోనే క్షమించమని వేడుకుని, రోడ్డు విడవకుండా తొక్కింది. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి తెరిపి లేకుండా. లారీ పెద్ద గాలితో ఆమెను చుట్టుకుని వెళ్ళిపోయింది.

వెనక దభీమని చప్పుడైంది.

తిరిగి చూస్తే రేసు సైకిల్ ఒకచోట, మనిషి కంపలో ఒకచోట ఉన్నారు. లారీ ఆగలేదు. నాగవేణి సైకిల్ దిగి, గొలుసును పిడికిట్లో పట్టుకునే దగ్గరికి వెళ్ళింది. అతను లేచి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. అద్దాలు పగిలిన ముఖం చూస్తే పాతికేళ్ళు కూడా ఉండవు. జాలేసింది, కాని ఇన్నాళ్ళ భయం జాలిని మింగేసింది.

"ఇప్పుడన్నా చెప్పప్పా. ఎందుకు నా ఎంట పడినావు?"

అతను ఆమె ముఖంకేసి చూశాడు తప్ప పలకలేదు. ఇంతలో మలుపు అవతల ఇంకో హారన్ మోగింది. ఒట్టు గుర్తొచ్చి నాగవేణి గబుక్కున మట్టిలోకి దిగింది. ఆమె కాళ్ళు కదలడం చూసి అతనూ ఒక్క గెంతులో దిగాడు. ఆ తరవాతే లారీ మలుపు తిరిగి కనిపించింది.

అతను ఆమె కాళ్ళను చూపించాడు, పోతున్న లారీని చూపించాడు, రోజూ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎత్తినట్టే చెయ్యి ఎత్తి, దండం పెట్టాడు. తరవాత కాణిపాకం వినాయకుడి ముందు గుంజిళ్ళు తీసేవాళ్ళలా రెండు చెవులూ పట్టుకున్నాడు.

"ఇప్పుడు తప్పయిందంటే సరిపాయెనా?" అంది నాగవేణి.

అది కాదన్నట్టు తల ఊపి, చెవులను మళ్ళీ తాకి, చెయ్యి అడ్డంగా తిప్పాడు.

అతనికి వినబడదు.