ఏడుపుకు గిరాకీ

“ఏడువు ఆమా, వస్తున్నాడు!” హుయ్ షాన్ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అమ్మమ్మను మోచేత్తో పొడిచింది.

గెక్ నియో చేతిరుమాలు తీసింది. విమానాశ్రయంలో బయలుదేరేవాళ్ల హాలు అది. ఎదురుగా గాజు తలుపుల దగ్గర ఎవరో తల్లి, కొడుకు మెడ పట్టుకుని వదలడం లేదు. అటు చూస్తే చాలు, గెక్ నియోకు కన్నీళ్లు వాటంతటవే వస్తాయి. ఆమె చెల్లెలు ఆ తలుపుల్లోంచే వెళ్లింది. తర్వాత కూతురూ అల్లుడూ వెళ్లారు. తలుపులు మూసుకున్నాక కూడా ఆమె చాలాసేపు చెయ్యి ఊపుతూ నిలబడి ఉండేది.

సెక్యూరిటీ సుహైమీ వచ్చి వాళ్ల బల్ల ముందు ఆగాడు.

“ఆంటీ, నిన్న కూడా ఏడ్చారు.”

“నిన్న విమానం తప్పిపోయింది ఎన్చిక్,” అంది గెక్ నియో, మలయ్‌లో ‘అయ్యా’ అని పిలుస్తూ.

“మొన్న?”

“మొన్న పొగమంచు.”

“సింగపూర్‌లో పొగమంచా?”

“ఇక్కడ కాదు, దిగేచోట,” అంటూ ఆమె ఏడుపు కాస్త పెంచింది.

విమానమెక్కే పని లేకుండా ఏసీ కోసం చేరే విద్యార్థులను లేపేయడం సుహైమీ పని. కానీ ఇంట్లో చదువు సాగదు. పైవాళ్లు గోడలు తొలుస్తున్నారు, పక్కవాళ్లు మైకు పెట్టి పాడుతున్నారు. హుయ్ షాన్ కిందటేడు ఎకనామిక్స్‌లో తప్పింది. ఇప్పుడు కాలేజీ లేకుండా సొంతంగా పరీక్ష కడుతోంది. ఈసారీ తప్పితే తనతో తీసుకుపోతానని ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి తండ్రి ఖరాఖండీగా చెప్పేశాడు. అక్కడ అతనికో నూడుల్స్ దుకాణం ఉంది, గిన్నెలు కడిగే మనిషి కావాలి. చంటిపిల్లప్పటి నుంచి పెంచిన మనవరాలు కూడా ఆ తలుపుల్లోంచి వెళ్లిపోతుందేమోనని గెక్ నియోకు అన్నం సహించడం లేదు.

“ప్రయాణం పెట్టుకుని కూడా చదువుతోందంటే నమ్మమంటారా?” సుహైమీ చేతులు కట్టుకున్నాడు. “ఏదీ, ఏం చదివిందో చెప్పమనండి.”

హుయ్ షాన్ లేచి నిలబడి గిరాకీ సూత్రం గడగడా అప్పజెప్పింది.

“అది పుస్తకం మాట. నాకు అర్థమయ్యేలా చెప్పు. లేదంటే లేవండి.”

హుయ్ షాన్ మళ్లీ అదే సూత్రం మొదలుపెట్టింది. గెక్ నియో గట్టిగా వెక్కింది. ఆ వెక్కిళ్ల పుణ్యమా అని ఆ పూటకి బతికిపోయారు.

“గడపకి రాసినట్టు పుస్తకమంతా పసుపు రంగు పూశావు, ముక్క అర్థం కాలేదా?” అని దారిపొడుగునా చీవాట్లు పెట్టింది గెక్ నియో. మర్నాటి నుంచి హుయ్ షాన్ రంగు కలాలు పక్కన పడేసి, ప్రతి పాఠమూ ముందు అమ్మమ్మకు చెప్పింది. ఆమెకు అర్థమైతేనే సుహైమీ ముందు నిలబడేది. అతను మాత్రం తేలిగ్గా వదిలేవాడు కాదు.

“ఉప్పు ధర పెరిగినా జనం కొంటారన్నావ్. మరి ఐస్‌క్రీమ్ ధర పెరిగితే మానేస్తారేం?” అని నిలదీసేవాడు.

“పోలీసు తండ్రికి పుట్టుంటాడు,” అని గొణిగేది గెక్ నియో.

ఈలోగా ఆమె ఏడుపు పక్క బల్లల కంట్లో పడింది. కళ్లజోడు పిల్ల ఒకతి వచ్చి వినయంగా వంగింది.

“ఆమా, మా బల్ల దగ్గర కూడా కాస్త ఏడుస్తారా? కొబ్బరి జాము పూసిన కాయా టోస్టు తెచ్చిపెడతాం.”

“నా మనవరాలికే చాలడం లేదు!”

“రెండు టోస్టులు!”

“చూశావా ఆమా?” హుయ్ షాన్ కళ్లు మెరిశాయి. “ఏడ్చేదానివి నువ్వొక్కదానివే. గుత్తాధిపత్యం! ధర నీ ఇష్టం.”

వారం తిరక్కుండా హాలు అవతలి మూల నుంచి మరో శోకం వినిపించింది. గూ ముసలమ్మ, ఎవరికీ అమ్మమ్మ కాదు, టోస్టు వాసన పట్టి వచ్చింది. పైగా ఒక్క టోస్టుకే గుండెలు బాదుకుంటోంది.

గెక్ నియో వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. “అక్కా, ఇలా చవగ్గా ఏడిస్తే ఇద్దరం మునుగుతాం. రెండు టోస్టులకి తక్కువైతే కన్ను తడవకూడదు. సరేనా?”

“సరే. ఒట్టు.”

ఆ ఒట్టు మర్నాటికే గట్టు మీదికి పోయింది. చాటుగా ఒక టోస్టు పుచ్చుకుని గూ ముసలమ్మ రెండు బల్లలకు కలిపి ఏడ్చేసింది.

“దొంగముండ!” అంది గెక్ నియో.

“తిట్టకు ఆమా!” హుయ్ షాన్ చప్పట్లు కొట్టింది. “కూటమి కట్టి ధర పెంచితే ఎవడో ఒకడు లోపల్లోపల మోసం చేస్తాడు. ఇదే నాకు కిందటేడు బుర్రకెక్కలేదు!”

వెనక నుంచి దగ్గు వినిపించింది. సుహైమీ ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

“ఆ మోసం ఎందుకు చేస్తాడో మళ్లీ చెప్పు. నెమ్మదిగా చెప్పు.”

హుయ్ షాన్ చెప్పింది. గెక్ నియో ఒకటికి రెండు రుమాళ్లు తడిపింది.

పరీక్ష రోజు పొద్దుటి నుంచీ ఆమె గేటు బయట బార్లీ నీళ్ల సీసా పట్టుకుని నిలబడింది. ఎండకు కాళ్లు పీకుతున్నా కదల్లేదు. గంట కొట్టగానే హుయ్ షాన్ పరుగున వచ్చి చుట్టేసుకుంది.

“ఆమా, అన్నీ రాశాను! ఎవరికో విడమరిచి చెబుతున్నట్టే రాశాను. నాన్నకి గిన్నెలు కడిగే మనిషిని వేరే చూసుకోమను.”

గెక్ నియోకు ఈసారి సంతోషంతోనే కన్నీళ్లు వచ్చాయి. మనవరాలి భుజం మీదుగా చూసిన ఆమె అలాగే బిగుసుకుపోయింది. జనాన్ని తోసుకుంటూ సుహైమీ తిన్నగా వాళ్ల వైపే వస్తున్నాడు. ఒంటి మీద యూనిఫాం లేదు, పూల అద్దకం బాతిక్ చొక్కా ఉంది.

ఇక్కడి దాకా వెంటపడ్డాడా! ఆమె చెయ్యి అలవాటుగా రుమాలు మీదికి పోయింది.

“ఎన్చిక్, పిల్ల తప్పేం లేదు, అబద్ధాలన్నీ నావే. ఈ రాత్రికి మాత్రం నిజంగా విమానం ఉంది...”

సుహైమీ ఆమె మాట వినిపించుకోలేదు. హుయ్ షాన్ ముందు ఆగి, నుదుటి చెమట తుడుచుకుని, బిక్కమొహం వేశాడు.

“మూడో ప్రశ్నకి నాకు టైము చాల్లేదమ్మా.”