ఇల్లు నడిచిన రోజు

ఏటా ఆషాఢంలో సముద్రం ముందుకొస్తుంది, ఊళ్ళోని ఇళ్ళన్నీ లేచి వందడుగులు వెనక్కి నడుస్తాయి. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ "పద" అంటేనే ఇల్లు కదులుతుంది. పొరుగిళ్ళు మేత నుంచి మళ్ళిన పశువుల్లా ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి. మసేనమ్మ ఇల్లు మాత్రం అక్కడే ఉంది. కెరటం అప్పుడే గడప తడుపుతోంది.

"అత్తా, మేవంతా అనేశాం, నువ్వూ ఆ ఒక్క మాటా అనెయ్యి. పిల్లల్తో సహా మునిగిపోతాం" అంది కోడలు బంగారి, ఇల్లు లేస్తే పులుసు ఒలికిపోతుందేమోనని గిన్నె ముందే పట్టుకుని.

మొన్న మాఘంలో చేపల వేటకెళ్ళిన మసేనమ్మ పెనిమిటి ఇంకా తిరిగి రాలేదు. ఆమె నీళ్ళకేసే చూస్తూ, "మీ మావ వొస్తే ఇల్లేదని ఎతుక్కుంటాడే" అంది.

"మావా? కల్లుపాక కాడినుంచి కళ్ళు మూసుకుని వొచ్చేవోడు. ఏనాడైనా పక్కింట్లో దూరాడా?"

"ఒక్కసారి దూరాడు" అంది మసేనమ్మ. ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు. "ఆళ్ళ కూడంతా తినేసి, మళ్ళీ మనింటికే వొచ్చాడు."

ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుని, గోడ మీద చెయ్యి వేసి, "పదవే తల్లీ" అంది.

ఇల్లు చూడి గేదెలా ఒళ్ళు విరుచుకుని, మెల్లగా లేచింది.