హద్దు మీది ప్లమ్ చెట్టు

"అడుగంటుతోందక్కా, మంట తగ్గించు."

ఐకాండె ప్లమ్ జామ్‌లో గరిటె తిప్పుతూనే తలెత్తింది. గుమ్మంలో అనాయెలి. మరిది ఎలిఫురా భార్య. అతణ్ణి అరటితోటలో పూడ్చి వారమైంది.

"పదేళ్ల తర్వాత గడప తొక్కి నాకే వంట నేర్పుతున్నావా? కూర్చో."

రెండు పెరళ్ల మధ్య ఇసాలె మొక్కల వరుసే హద్దు. వానల్లో దాని కొమ్మ ఎక్కడ గుచ్చినా బతికేస్తుంది. ఆ వరుసను ఎవరో జరిపారనీ, ప్లమ్ చెట్టు తనదేననీ ఎలిఫురా ఆనాడు గోల చేశాడు. పెద్దలు నమ్మలేదు. చెట్టు ఐకాండెకే దక్కింది, మాటలు మాత్రం ఆగిపోయాయి.

అనాయెలి కూర్చోలేదు. ముడి వేసిన ఇసాలె ఆకును రెండు చేతులా చాపింది. ఆ ఆకుతో క్షమించమని వచ్చినవాళ్లను కాదనడం ఈ కొండమీద ఎవరి తరమూ కాదు.

"ఎవరి తరఫున?" అంది ఐకాండె.

"ఆయన తరఫున. పోయేముందు ఒప్పుకున్నాడక్కా. మొక్కలు ఎవరూ జరపలేదట. చెట్టు మీద ఆశతో అబద్ధమాడాడట. 'నేను పోతే నీకు పలకరించే దిక్కుండదు, వెళ్లి వదిన కాళ్లు పట్టుకో' అన్నాడు."

ఐకాండెకు ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఆకు అందుకుంది.

జామ్ చుక్క ఒకటి చల్లటి పళ్లెంలో వేసింది. జారకుండా నిలిచింది, పాకం కుదిరింది.

"తీపి చూడు," అంటూ గరిటె అందించింది.

"నువ్వు చూసుకోవా?"

"ఆ చెట్టు పండు నేను నోట పెట్టను."

"ఇన్నేళ్లుగానా?" అనాయెలి కళ్లు నిండాయి. "అంతలా బాధపెట్టామా నిన్ను!"

"తీపి సరిపోయిందా లేదా చెప్పు."

"కాస్త పులుపుంది. ఆయనకి ఇలాగే ఇష్టం."

ఐకాండె మంట ఆర్పింది. వేడి సీసాల్లో జామ్ నింపి మూతలు బిగించింది. ఒక సీసా గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

"రేపూ రా. గింజలు తీయడానికి మనిషి లేదు."

"వస్తానక్కా. నువ్వు పొమ్మన్నా వస్తా." వారం తర్వాత అనాయెలి మొదటిసారి నవ్వింది.

ఆమె ఇసాలె వరుస దాటి తన పెరట్లోకి వెళ్లేదాకా ఐకాండె గుమ్మంలోనే నిలబడింది. చేతిలోని ఆకు వంక చూసింది. పెళ్లాం ఒంటరిదైపోకూడదని మరిది ఎంత పని చేసి పోయాడు!

పదేళ్ల కిందట ఆ మొక్కల్ని పీకి జరిపి నాటింది ఐకాండే.