గోడకేమైంది?

ఇవాళ సాయంత్రంలోగా ఒక్క కారైనా అమ్మకపోతే సోమవారం నుంచి స్పేర్ పార్టుల గోడౌనులో పెట్టెలు మోసుకోవాలి. మేనేజరు ఆ మాట అరవకుండా, మెల్లగా చెప్పాడు. అందుకే సేల్స్‌మన్‌కి మరీ భయం వేసింది. అల్లుడు టై కట్టుకుని పెద్ద కార్లు అమ్ముతాడని మామగారు ఊరంతా చెప్పుకుంటారు. గోడౌనులో టైతో పనేముంది?

షోరూములో అతన్ని అందరూ స్పీడ్‌బ్రేకర్ అంటారు. ఎంత జోరుగా వచ్చిన కస్టమరైనా అతని దగ్గరికి రాగానే నెమ్మదించి వెనక్కి తిరుగుతాడట. పోయిన నెల రబ్బరు చెప్పులతో వచ్చిన ఒక పెద్దాయన్ని చూసీచూడనట్టు వదిలేశాడు. ఆయన రోడ్డు దాటి, ఎదుటి షోరూములో ఒకేసారి రెండు కార్లు కొన్నాడు. అప్పట్నుంచీ మేనేజరు రోజూ ఒకటే పాట. బట్టలు చూసి మనిషిని అంచనా వెయ్యకు.

కాబట్టి పొద్దున్నే తలుపులు తీయగానే లోపలికొచ్చిన మనిషికి సేల్స్‌మన్ నవ్వుతూ ఎదురెళ్ళాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు. నేరుగా మధ్యలో ఉన్న నల్లటి పెద్ద సెడాన్ దగ్గరికి వెళ్ళి ఆగాడు.

"తీసుకుందామనుకుంటున్నది ఇదేనండీ. దీని సంగతులు చెప్పండి."

సేల్స్‌మన్‌కి ప్రాణం లేచొచ్చింది. తోలు సీట్ల దగ్గర మొదలుపెట్టి పైకప్పు అద్దం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆయన చెవికి ఒక్కటీ ఎక్కలేదు. గుద్దితే ఏమవుతుందని మాత్రం అడిగాడు.

అదీ ప్రశ్నంటే. క్రాష్ టెస్టులో ఈ కారుకి ఐదుకి ఐదు స్టార్లు. సేల్స్‌మన్ టాబ్లెట్ తీసి వీడియో పెట్టాడు. కారు అరవై నాలుగు కిలోమీటర్ల వేగంతో వచ్చి గోడని గుద్దింది. ముందుభాగం కాగితం ఉండలా నలిగింది. స్టీరింగ్ దగ్గరున్న బొమ్మ మొహం మెత్తగా ఎయిర్‌బ్యాగులో దిగబడింది. బొమ్మకి మెడ కూడా బెణకలేదని సేల్స్‌మన్ గర్వంగా చూపించాడు.

ఆయన మొత్తం చూసి, మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ చూశాడు.

"గోడకేమైందండీ?"

సేల్స్‌మన్ నోరు వెళ్ళబెట్టాడు. ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో గోడ క్షేమసమాచారం అడిగినవాడు లేడు. గోడకేమవుతుంది, గోడ కదా అని ఏదో సర్దిచెప్పాడు.

లోపల కూర్చుని చూడమంటే ఆయన కూర్చోడు. కారు ముందుకెళ్ళి నిలబడ్డాడు. బంపరు తన కాలికి ఎంత ఎత్తులో తగులుతుందో బెత్తలు పెట్టి కొలిచాడు. ఇంతలో ఎవరో జంట వస్తే చటుక్కున వెళ్ళి, వాళ్ళకి తలుపు తీసి పట్టుకుని, మళ్ళీ వచ్చాడు. సేల్స్‌మన్‌కి ఒళ్ళు మండింది. ఇంత డబ్బున్నవాళ్ళకి వినయం ఒలకబోయడానికి ఇదేనా వేళ?

"లోపలున్నవాళ్ళ సంగతి సరేనండీ. ముందు నిలబడ్డవాళ్ళకి ఎన్ని స్టార్లు?"

బ్రోచరులో అది లేదు. కంప్యూటర్లో అసలు రిపోర్టు తెరిచి, నలభై పేజీలు దాటుకుంటూ వెతకాల్సి వచ్చింది. అద్దాల గదిలోంచి మేనేజరు గడియారం వేలితో కొట్టి చూపిస్తున్నాడు. చివరికి దొరికింది. పాదచారుల భద్రత, నూటికి యాభై రెండు. సేల్స్‌మన్ ఆ అంకెని వీలైనంత నీళ్ళు నమిలి చెప్పాడు.

"మిగతా నలభై ఎనిమిదీ కాళ్ళేనాండీ?" అన్నాడాయన ఎడమ మోకాలు నిమురుకుంటూ.

ఇదెక్కడి గోలరా దేవుడా అనుకున్నాడు సేల్స్‌మన్. మనిషి అడ్డొస్తే దానంతటదే బ్రేకు పడుతుందని చెప్పాడు. ఆయన మొహం వెలిగింది. వెనక్కి వచ్చేటప్పుడు కూడానా అని అడిగాడు. అది టాప్ మోడల్లోనే ఉంది. ఇంతకీ ఎవరు నడుపుతారని అడిగితే, ఆయన కాస్త మొహమాటపడ్డాడు.

"ఇంట్లో ఆవిడ నేర్చుకుంటున్నారండీ. చాలా మంచావిడ. అప్పుడప్పుడూ బ్రేకనుకుని పక్కది తొక్కుతారు, అంతే."

భార్య గురించి ఇంత మర్యాదగా మాట్లాడే మగవాణ్ణి సేల్స్‌మన్ ఎప్పుడూ చూడలేదు. అయినా ఏం లాభం? పన్నెండయింది. మనసప్పుడే గోడౌనులో పెట్టెలు సర్దుతోంది. ఇక ఓపిక చచ్చిపోయింది.

"సార్, రోడ్డున పోయేవాళ్ళ గురించి ఇంత బెంగ పెట్టుకుంటే ఎవరూ కారు కొనలేరు."

అనేసి నాలుక్కరుచుకున్నాడు. ఆయన మాత్రం కోప్పడలేదు. వెనక బంపరు దాకా నడిచి, కాసేపు దాన్నే చూసి, అయితే టాప్ మోడలే ఖాయం చేయాలన్నాడు.

సేల్స్‌మన్ పరిగెత్తి ఫారం తెచ్చాడు. మేనేజరు వైపు చూసి టై సర్దుకున్నాడు. పెన్ను మూత తీసి, పేరు చెప్పమన్నాడు.

ఆయన చేతులు కట్టుకుని, గొంతు బాగా తగ్గించాడు.

"సాయంత్రం ఐదింటికి మా సార్ వచ్చి చెబుతారండీ. మామూలు మోడల్ చాలంటున్నారు. టాప్ మోడలే తీసుకోమని మీరు కాస్త గట్టిగా చెప్పాలి. నేను చెబితే బాగుండదు."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

"మరి మీరెవరండీ?"

"ఆవిడ కారు వెనక్కి తీస్తుంటే గేటు దగ్గర నిలబడి 'రానివ్వండి, రానివ్వండి' అనేది నేనేనండీ."