ఎదురింటి పేరు

“రెండు ఫారాలూ చెల్లవు,” అంది స్కాలర్‌షిప్ నిధి ఆఫీసులో ఫారాలు తీసుకునే డోరీన్, వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి. “ఎర్మెలిందా గారేమో ఎదురింటి ఆర్లిస్ గారి మనవరాలు టెస్సీ పేరు రాశారు. ఆర్లిస్ గారేమో ఈవిడ మనవడు నాచో పేరు రాశారు. నేను మీ పిల్లకి, మీరు మావాడికి అని బేరం పెట్టుకుంటే చట్టం ఒప్పుకోదు.”

టూసాన్ ఊళ్లో పన్నుల లెక్క చెప్పడానికి అదే ఆఖరి రోజు. స్కాలర్‌షిప్ నిధికి ఇచ్చింది ఇచ్చినట్టు పన్నులో తగ్గుతుంది. ఏ పిల్లల చదువుకి ఇవ్వాలో పేరు కూడా రాయొచ్చు, సొంతింటి పిల్లల పేరు తప్ప. ఈ ఫారాలు పోతే టెస్సీకీ నాచోకీ వచ్చే ఏడు వాళ్లు చదివే ఫీజుల బళ్లో చోటు లేనట్టే.

ముసలాళ్లిద్దరూ తెల్లబోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“బేరమా? ఈయనతోనా?” ఎర్మెలిందా లేచి నిలబడింది. “పదకొండేళ్లుగా మాకు మాటల్లేవమ్మా! నా పుంజు మీద పోలీసులకి చెప్పిన మనిషి!”

“తెల్లారకముందే కూస్తే చెప్పనా?” ఆర్లిస్ కూడా లేచాడు.

“పుంజు కూయక పియానో వాయిస్తుందా?”

“మరి ఆయన మనవరాలి పేరు ఎందుకు రాశారు?” అని అడిగింది డోరీన్.

“బడి మానేస్తే ఆ పిల్ల రోజంతా నా పుంజుకి టోర్టిల్లా రొట్టెలు మేపుతుంది. ఇప్పటికే అది గోడెక్కలేక చస్తోంది!”

“మీరో?”

“వాడు ఇంట్లో ఉంటే పొద్దస్తమానం ట్రంపెట్ ఊదుతాడు,” అన్నాడు ఆర్లిస్. “నా చెవులేమైపోవాలి?”

“మావాడు బంగారంలా ఊదుతాడు!”

“ఊదుతాడనేగా రాశాను! ఆ బళ్లో తప్ప వాడికి నేర్పేవాళ్లెవరున్నారు?”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఎర్మెలిందా మళ్లీ కూర్చుని ఆయన్ని ఎగాదిగా చూసింది. పదకొండేళ్లలో ఆయన నోట మంచిమాట రావడం అదే మొదటిసారి.

డోరీన్ రెండు ఫారాల మీదా టపటపా ముద్ర కొట్టింది. “ఇలా కొట్టుకునేవాళ్లు బేరం పెట్టుకోరు, నాకు నమ్మకం కుదిరింది. వచ్చే ఏడూ ఇలాగే కొట్టుకుంటూ రండి. కలిసిపోయి వస్తే మాత్రం తీసుకోను.”

కిటికీలోంచి చూస్తే ఆర్లిస్ తన ట్రక్కు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ చేతులూపుతూ తిడుతూనే ఎక్కి కూర్చుంది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో డోరీన్‌కి పెళ్లిపిలుపు వచ్చింది. వరుడు ఆర్లిస్, వధువు ఎర్మెలిందా. డోరీన్ ఆనందం పట్టలేక ఆఫీసంతా వినపడేలా ఈల వేసింది. అంతలోనే ఈల ఆపేసింది. ఇక ఇద్దరిదీ ఒకే ఇల్లు. టెస్సీ పేరు ఈవిడ రాయకూడదు, నాచో పేరు ఆయన రాయకూడదు. మరి పిల్లల చదువో?

కార్డు అడుగున చేత్తో రాసిన రెండు వరుసలు అప్పుడు కనబడ్డాయి.

“కానుకలు తేవద్దు. ప్రతి భోజనం పళ్లెం పక్కనా మీ నిధి ఫారం, ఒక పెన్నూ ఉంటాయి. పిల్లల పేర్లు మేమే రాసేశాం, వచ్చినవాళ్లు ఎంతిస్తారో వేసి సంతకం పెడితే చాలు.”